ఓడ సరే, మనుషులేరీ?

ఎన్నడూ ఎక్కబోని ఓడను మనిషి ఎందుకు కడతాడు? మా వెంగల్ సముద్రపు ఊరు కాదు. పళవేర్కాడు దాకా పోతే గానీ ఉప్పుగాలి తగలదు. ఇక్కడ నీళ్ళంటే కొసస్థలై ఏరు, తామరైపాక్కం ఆనకట్ట, 1944లో పూర్తయిన పూండి జలాశయం, 1996 నుంచి కండలేరు మీదుగా అందులోకి వస్తున్న కృష్ణా నీళ్ళు. వీటిల్లో దేనికీ మూడు కొయ్యల ఓడతో పనిలేదు. అయినా ఏళ్ళ తరబడి నా సాయంత్రాలు చిన్న చిన్న ఓడలకు తాళ్ళు కట్టడంలోనే గడుస్తున్నాయి. ఇది కాలక్షేపమే అయితే దీనికింత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఓడ నమూనాలో చెక్కపని సగమే. మిగతా సగం తాళ్ళది. తెరచాప కొయ్యను రెండు పక్కలా నిలబెట్టే లావు మోకులు, వాటి కింది కొసల్లో మూడేసి కన్నాలున్న చెక్క బిళ్ళలు, ఆ కన్నాల గుండా పోయే బిగింపు తాడు, నావికులు కాలు మోపి పైకెక్కేందుకు మోకులకు అడ్డంగా కట్టే సన్నతాళ్ళు. అడ్డతాడు మోకును దాటే ప్రతిచోటా ఒక ముడి. పోర్ట్స్‌మత్‌లో నేటికీ ఉన్న విక్టరీ యుద్ధనౌకకు దాదాపు 26 మైళ్ళ తాడు పట్టిందంటారు. కుట్టుదారానికి మామూలుగా కంటికి ఆనని నూగు ఉంటుంది. ఇంత చిన్న కొలతలో అదే మోకు మీద మొలిచిన గడ్డిలా కనబడుతుంది. అందుకే దారాన్ని తేనెమైనం మీదుగా లాగి, నూగు అణిగాకే ముడి వేస్తాం.

కొలతను 1:50కి దించితే ఓడ పొడవు 50వ వంతవుతుంది, తెరచాప వైశాల్యం 2,500వ వంతవుతుంది, బరువు 1,25,000వ వంతుకు పడిపోతుంది. భూమి లాగే తీరు మాత్రం పిసరంత కూడా మారదు. అసలు ఓడలో వదులుగా వదిలిన మోకు తన బరువుకు తానే కిందికి ఒంగుతుంది. నా దారానికి ఆ బరువు లేదు. నీళ్ళు కలిపిన తెల్లజిగురు రాసి, వేలితో వంచి, ఆరేదాకా పట్టుకుంటే గానీ ఆ ఒంపు రాదు. నిజంలా కనబడటానికే ఇంత కల్పన చెయ్యాల్సి వస్తున్నప్పుడు, నేను ఓడను తెలుసుకుంటున్నానా, ఊహించుకుంటున్నానా?

పూండికి దగ్గర్లోనే అత్తిరంపాక్కం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అక్కడ రాతి పనిముట్లు కనుగొన్నారు. శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించిన లెక్కల ప్రకారం వాటిలో అతి పాతవి 15 లక్షల ఏళ్ళ నాటివి. అంటే మన జాతి ఇంకా పుట్టకముందటివి. ఆ చేతిగొడ్డళ్ళలో కొన్నింటికి రెండు అంచులూ సరిసమానంగా చెక్కి ఉంటాయి. మాంసం కొయ్యడానికి అంత పొందిక అక్కర్లేదనే పరిశోధకులున్నారు. పనికి సరిపడేదాని కన్నా మరికాస్త చెయ్యాలన్న కోరిక మన కన్నా పాతదేనన్నమాట. నా ఓపికకు జవాబు ఆ రాళ్ళలోనే ఉందని నమ్ముతాను.

ఆ ఓపికను ఎవరి ఓడ మీద ఖర్చు పెట్టాలన్నది వేరే సంగతి. దొరికే కిట్లు విక్టరీవీ, బౌంటీవీ, కట్టీ సార్క్‌వీ. శాతవాహనులు తమ నాణేల మీద ముద్రించుకున్న రెండు కొయ్యల ఓడను గానీ, 1839 తుఫానుకు ముందు కోరంగిలో కట్టిన ఓడలను గానీ అడిగేవాళ్ళు తక్కువ. ఇది నన్ను బాధిస్తుంది. అంతకన్నా ఎక్కువ బాధించేది ట్రూరో.

1860 అక్టోబర్‌లో మద్రాసు నుంచి 342 మందితో బయల్దేరిన ఆ ఓడ నవంబర్ 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ అదే. తర్వాతి ఏళ్ళలో మద్రాసు నుంచి అలా వెళ్ళిన తెలుగువాళ్ళలో, తమిళుల్లో చాలామంది చెంగల్పట్టు, ఉత్తర ఆర్కాట్ జిల్లాల వాళ్ళు. మా వెంగల్ అప్పట్లో చెంగల్పట్టు కిందిది. ట్రూరోకు నమూనా చేసి తాళ్ళన్నీ తప్పులేకుండా కట్టాననుకోండి. మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెప్పులో ఆ 342 మందికి చోటెక్కడ?

ఓడ నమూనా మనుషుల పక్షాన నిలబడిన సందర్భం చరిత్రలో ఉంది. బానిసలను రవాణా చేసిన బ్రూక్స్ అనే ఓడకు, ఆ వ్యాపారాన్ని మాన్పించాలని పోరాడిన థామస్ క్లార్క్‌సన్ చెక్కతో నమూనా చేయించాడు. అందులో పక్కపక్కనే ఇరికించిన మనుషుల బొమ్మలున్నాయి. ఆ పోరాటంలోనే ఉన్న విల్బర్‌ఫోర్స్ దాన్ని బ్రిటిష్ పార్లమెంటు సభ్యులకు చూపించాడు. ఆ నమూనా ఇప్పటికీ హల్ నగరంలోని మ్యూజియంలో ఉంది. దాన్ని చేసిన వడ్రంగి తాళ్ళ పొందిక కోసం కష్టపడలేదు. ఓడ కడుపులో ఏముందో కనబడేలా చేశాడు, అంతే. బానిస వ్యాపారమూ కూలి ఒప్పందమూ ఒకటి కావు. కానీ పైనుంచి చూసేవాడికి ఏ ఓడ అయినా అందంగానే ఉంటుంది, లోపల ఉన్నవాడి సంగతి అడిగితే తప్ప తెలియదు.

17వ శతాబ్దపు ఇంగ్లిష్ నౌకాదళ నమూనాలకు లోపలి కట్టుబడి కనిపించేలా కింది పలకలు వెయ్యకుండా వదిలేవారు. ట్రూరోకూ ఒక పక్క అలాగే వదలాలని ఉంది. లోపల మనుషుల్ని పెట్టాలా? పెడితే బొమ్మలవుతారు, పెట్టకపోతే అది బస్తాల గది అవుతుంది. ఐదున్నర అడుగుల మనిషి పడుకుంటే నా కొలతలో మూడున్నర సెంటీమీటర్లు కూడా రాడు. కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసిన ఓడ జాబితాలు డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరికీ అంత చోటు గీసి, అందులో ఎవరి పేరు వాళ్ళకు రాయాలనుకుంటున్నాను. తాళ్ళ పని ఆ పేర్లు అయ్యాకే.