పాత పడవ, కొత్త తాపడం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. బంటుమిల్లి నుంచి పెడన మీదుగా బందరు, ఆ పక్కనే గిలకలదిండి. పాత చెక్కపడవలకు రిపేర్లన్నీ ఈ ఎండల్లోనే. క్యాబిన్ లోపలి కప్పు తాపడం మార్చడం కూడా అందులో ఒకటి.

తాపడం అంటే పైకప్పు కాదు. పైకప్పు దూలాలు కనపడకుండా లోపలివైపు కొట్టే పలచటి ప్లైవుడ్డు. పైనుంచి వాన చెమ్మ, ఉప్పుగాలి, లోపల పడుకున్న మనుషుల ఊపిరి తడి, అన్నీ దానికే. కొన్నాళ్ళకు జిగురు వదిలి పొరలు విచ్చుకుంటాయి. నల్లమచ్చలు పడి, కడుపులా కిందికి జారుతుంది.

పడవల సంగతి మాకెందుకంటారా? మా మీద ఎప్పుడూ వచ్చిపడే మాట ఒకటి ఈ తాపడం చుట్టూనే తిరుగుతుంది కనుక. సెక్యులర్ మిత్రులు ప్రేమగానే అంటారు: "మతం పైపై తాపడమే సాయిబు గారూ, అది ఊడదీస్తే లోపల మనమంతా తెలుగువాళ్ళమే." మా పెద్దల్లో కొందరు దీన్నే తిరగేసి చెబుతారు. తెలుగూ, పీర్ల పండుగా, దర్గా మొక్కులూ తాపడమట, పీకేస్తే అస్లీ ముసల్మాన్ బయటికొస్తాడట. ఇక మూడో రకం వాళ్ళు ప్రేమా గీమా లేకుండా, "మీ తాతలు హిందువులే కదా, వచ్చేయండి" అంటారు. ముగ్గురికీ పడదు. ముగ్గురూ పట్టుకున్నది మాత్రం ఒకటే ఉలి.

ఉలి పట్టిన వడ్రంగి ఏం చేస్తాడో చూడండి. పాత పలకల్ని విరగ్గొట్టి పారేయడు. ఒక్కొక్కటీ మేకులు తీసి, వెనక అంకె వేసి, వరసలో పెడతాడు. కొత్త పలక కొయ్యడానికి ఆ పాతదే అచ్చు. చేత్తో కట్టిన పడవలో ఏ రెండు దూలాల వంపూ ఒకటి కాదు. ఏళ్ళ తరబడి కెరటాలు తిని పడవ కాస్త ఒరుగుతుంది, దాంతోపాటు తాపడమూ ఒరుగుతుంది. పక్క పడవ తాపడం తెచ్చి ఇందులో పెడితే పట్టదు, రెండూ ఒకే వడ్రంగి చేసినవైనా సరే. ఇందులో అసలేది, పైపైది ఏది?

పెడన కలంకారీనే తీసుకోండి. ఆ పేరు పారశీకం. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు ఓడరేవు మీదుగా పారశీక దేశానికి పోయిన గుడ్డ అది. లతలు అక్కడి అభిరుచివి, రంగూ చెయ్యీ ఇక్కడివి. ఆ లత చెరిపేస్తే మిగిలేదాన్ని కలంకారీ అనరు.

మేము ఇంట్లో మాట్లాడేదాన్ని హైదరాబాదు బంధువులు ఉర్దూ అనరు, నవ్వుతారు. బస్సులో నోరు విప్పితే పక్క సీటాయన "మీరు తెలుగు బాగానే మాట్లాడతారే!" అని మెచ్చుకుంటాడు. ఆ మెప్పు ఎంత గుచ్చుకుంటుందో ఆయనకు తెలియదు.

పలకలన్నీ మార్చిన ఓడ పాత ఓడేనా అని గ్రీకులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. 1655లో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ ఏరుకొచ్చి ఒకడు మరో ఓడ కడితే, అసలుది ఏది? మా దగ్గరికి 'అసలు'ను పట్టుకొచ్చేవాళ్ళు ఈ ఏరుకొచ్చే రకమే. మన తీరంలో మేకు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలు ఉండేవి. తాళ్ళు చీకితే విప్పి మళ్ళీ కుట్టేవారు. విప్పిన రోజున ఇది పడవా, కట్టెల మోపా అని బెస్తలను నిలదీసినవాళ్ళెవరు? మొదటి పలక చూపించమని అడగడం మనుషుల దగ్గరికొచ్చేసరికే మొదలవుతుంది, అదీ కొందరి దగ్గరే. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు తెరిచి తాతల కాగితాలు వెతుక్కున్నాం. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లూ వాకిలీ కొట్టుకుపోయిన దివిసీమ మనిషి ఏ పెట్టె తెరవాలి?

అలాగని పాతదేదీ ముట్టుకోవద్దని మేము అనం. పుచ్చు ఉంది. షేకులూ సయ్యదులూ దూదేకుల ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోవడానికి ముఖం చిట్లించడం పుచ్చు కాదా? కట్నం బేరాలో? తాపడం విప్పాక వడ్రంగి ప్రతి దూలాన్నీ సన్న ఉలితో పొడిచి చూస్తాడు. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి కొత్తది అతుకుతాడు. పైన నీళ్ళు కారే సందు మూయకుండా కొత్త తాపడం కొట్టడం దండగ, అదీ నల్లబడుతుంది. మా మీద కారుతున్నవాటిలో కొన్ని సందులు మా చేతికి అందేవి కావు. అవి మూయాల్సింది సర్కారు, బడి, అద్దెకు ఇల్లివ్వనంటున్న ఇంటి ఓనరు. మిగతావి మావే.

ఏ పలక ఉంచాలో, ఏది తీయాలో తేల్చాల్సింది ఆ కప్పు కింద పడుకునేవాళ్ళు, మా ఆడవాళ్ళతో సహా. ఒడ్డున నిలబడి సలహా చెప్పేవాళ్ళకు రాత్రి ముఖం మీద చుక్క పడదు.

ఇక పని సంగతి. మామూలు ప్లైవుడ్డు పనికిరాదు, ఐ.ఎస్. 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్డు కావాలి. కోసిన అంచులకు కూడా వార్నీషు పట్టించాలి. ఇనుప స్క్రూలైతే తుప్పు పడతాయి కనుక ఇత్తడివి. దూలానికీ పలకకూ మధ్య గాలి ఆడేంత సందు వదలాలి. అంకెలు వేసిన పాత పలకలు ఆఖరి కొత్త పలక బిగిసేదాకా పక్కనే ఉంటాయి, ఆ తర్వాత ఎవరో ఒకరు కోళ్ళగూటికని పట్టుకెళ్తారు.