ప్రభుభక్తియా? రాజశాసనమా?

ధర్మాధర్మములలో ఒకదానిని ఎన్నుకొనుట అంత కష్టము కాదు. రెండు ధర్మములే ఎదురెదురుగా నిలిచినపుడు మానవుని కర్తవ్యమేమి? జపాను దేశమున మూడు వందల ఏండ్లకు పూర్వము ఈ ప్రశ్న తలయెత్తి, పండితులను రెండు పక్షములుగా చీల్చినది.

1701వ సంవత్సరములో, నేడు టోక్యో అనబడు ఎడో నగరపు కోటలో, అకో సంస్థానాధిపతి అసానో నాగనోరి, ఆస్థాన మర్యాదల అధికారియైన కిరా యోషినాకపై కత్తి దూసి గాయపరచెను. కోటలో కత్తి దూయుట మహాపరాధము. షోగును త్సునయోషి ఆజ్ఞచే అసానో ఆనాడే స్వహస్తముతో ఉదరము చీల్చుకొని మరణించెను. అతని సంస్థానము పోయెను. కిరాకు మాత్రము శిక్ష లేదు.

ఆశ్రయము కోల్పోయిన భటులలో నలువదియేడుగురు, ఓయిషి కురనోసుకె నాయకత్వమున, దాదాపు రెండేండ్లు పగను గుండెలో దాచుకొనిరి. 1703 జనవరి చివర ఒక రాత్రి కిరా భవనముపై పడి అతని శిరస్సు ఖండించి, సెన్గకుజి ఆలయములోని తమ ప్రభువు సమాధి ముందుంచిరి. పిమ్మట పారిపోక అధికారులకు లొంగిపోయిరి.

వారిని ఏమి చేయవలెను? వారి హృదయమును చూచిన మెచ్చవలసినదే, శాసనమును చూచిన దండింపవలసినదే అని హయాషి హోకో తలచెను. కిరా అసానోను చంపలేదు. అసానోయే శాసనమును మీరి దండనము పొందెను. ఇక పగకు తావెక్కడ అని సతో నవోకత వాదించెను. ఇరువురి కలహములో ఒక్కరినే శిక్షించుట న్యాయము కాదనియు, ప్రభువు సంకల్పమును సేవకులు నెరవేర్చిరనియు అసామి కేయిసాయి సమర్థించెను. తుదకు 1703 మార్చిలో నలువదియారుగురికి, నేరస్థులవలె శిరచ్ఛేదము కాక, వీరోచితమైన ఆత్మార్పణము విధింపబడెను. శాసనమును నిలిచెను, వారి గౌరవమును నిలిచెను.

నేటికిని సెన్గకుజిలోని వారి సమాధులకడ జనులు ధూపము వెలిగింతురు. అయితే ఆ రాత్రి కిరా భవనములో అతని భటులు కూడ పలువురు నేలకొరిగిరి. వారును తమ ప్రభువును కాపాడుచు ప్రాణములిచ్చినవారే. వారిది ప్రభుభక్తి కాదనగలమా? ఒకే గుణము ఇరువైపుల కత్తి పట్టినది. కనుక భక్తి ఎంత గాఢమైనను, దానికే ధర్మమని పేరు పెట్టరాదు. అది ఏ కార్యమునకు వినియోగపడుచున్నదో విచారింపవలెను.

అయినను ఆ వీరులనుండి గ్రహింపదగినది ఒకటి కలదు. తమ కర్మ ఫలమును వారు ఇతరులపై నెట్టలేదు. శాసనమును అతిక్రమించినవారే దాని తీర్పునకు తలవంచిరి. తాను చేసినది ధర్మమని నమ్మినవాడు, దాని మూల్యమును చెల్లించుటకును సిద్ధపడవలెను. ఆ సిద్ధత లేని భక్తి మాటలకే పరిమితము. విచారణ లేని భక్తి ప్రమాదకరము. ఈ రెండును గుర్తెరిగి సేవించువాడే ఉత్తమ సేవకుడు.