కరవు సీమలో స్వామికి పూదోట

భగవదారాధనమునకు గల ఉపచారములలో పుష్పకైంకర్యము మిక్కిలి మనోహరమైనది. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు, శ్రీరంగములో తొండరడిప్పొడి ఆళ్వారు తోటలు పెంచి, మాలలు కట్టి స్వామికి సమర్పించుటనే జీవితవ్రతముగా గైకొనిరి. శ్రీవైష్ణవులు శ్రీరంగమును భోగమండపమనియు, కాంచీపురమును త్యాగమండపమనియు, తిరుమలను పుష్పమండపమనియు వ్యవహరింతురు. ఆ పుష్పమండపమునకు తొలిగడపగా ప్రసిద్ధి కెక్కినది దేవుని కడప.

కాని ఆ గడప ఉన్నది మెట్టసీమలో. కర్నూలు, కడప ప్రాంతములలో ఏటా సగటున 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అదియు కొలది దినములలోనే కురిసి ఆగిపోవును. బోరుబావులు ఎండిన వేసవిలో బిందెడు నీటికై స్త్రీలు దూరము నడువవలసి వచ్చును. అట్టిచోట భక్తునకు ఒక ధర్మసందేహము కలుగుట సహజము. త్రాగునీటికే కటకటగా ఉన్నప్పుడు పూలమొక్కలకు నీరు పోయుట తగునా? పోయకున్నచో కైంకర్యము లోపింపదా?

ఈ సందేహమునకు సమాధానము అనంతాళ్వారుల వృత్తాంతములోనే కలదు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి ఆయన తిరుమలపై పూదోట నిర్మింప పూనుకొనెను. తోటకు ముందు నీటి వసతి కావలెను గదా! ఆయన గునపముతో చెరువు త్రవ్వుచుండగా, నిండు చూలాలైన ఆయన ధర్మపత్ని తట్టలతో మట్టి మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయపడుదుననెను. కైంకర్యమును పరులతో పంచుకొనుటకు అనంతాళ్వారులు ఒప్పుకొనలేదు. బాలుడు ఆయనకు తెలియకుండ ఆ తల్లి తట్ట నందుకొని మోసెను. అది తెలిసి ఆయన కోపముతో గునపము విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు పరుగెత్తి ఆలయములో అదృశ్యుడయ్యెను. గర్భాలయములో స్వామి చుబుకము నుండి రక్తము స్రవించుట చూచి అనంతాళ్వారులు విలపించి, పచ్చకర్పూరము నద్దెను. ఆ గునపమును నేటికిని తిరుమల ఆలయ మహాద్వారము చెంత భక్తులు దర్శించుచున్నారు.

ఈ కథ విన్నవారు అనంతాళ్వారుల నిష్ఠను కొనియాడుదురు. అది యుక్తమే. కాని స్వామి ఎవరి తట్ట నందుకొనెనో కూడ తలపవలెను. గునపము పట్టిన వానికి కాదు, బరువు మోయుచున్న ఆమెకు ఆయన చేయూత నిచ్చెను. దీనినిబట్టి ఒక నియమము తేటపడుచున్నది: స్వామికై వేయు తోట పరుల తలపై బరువు కాగూడదు. ఊరివారి త్రాగునీటిని హరించి పూయించిన పువ్వు ఎంత పరిమళించినను స్వామికి ప్రీతికరము కాదు.

మరి ఈ సీమకు తగిన తోట ఏది? దానికి అహోబిలమే ఆదర్శము. నవనారసింహులలో కారంజ నరసింహుడు కరంజ వృక్షము, అనగా కానుగచెట్టు, క్రింద వెలసెను. ఛత్రవట నరసింహునకు మఱ్ఱి నీడయే గొడుగు. స్వామియే ఈ నేల చెట్ల నీడను కోరి నిలిచినపుడు, భక్తుడు దూరదేశపు మొక్కలకై ఆరాటపడనేల?

కావున ఆలయ ప్రాంగణములో గాని పెరటిలో గాని పూదోట వేయదలచిన వారు మొదట నీటిని లెక్క చూచుకొనవలెను. కప్పుపై పడు వాననీరు, తిరుమంజన జలము, యాత్రికులు కాళ్లు కడుగుకొను నీరు, వీనిని కాలువ తీసి మొక్కలకు మళ్లింపవలెను. పడమటి వైపున కానుగ, పొగడ నాటినచో అవి సాయంకాలపు ఎండను ఆపును. పొగడపూలు వాడినను వాసన తప్పవు. ఆ నీడ అంచున, కాలువ ప్రక్కన మరువము, చలికాలమున దవనము పెంచవచ్చును. గన్నేరు, నందివర్ధనము కొద్దిపాటి నీటితో ఏడాదిలో చాలకాలము పూయును. అయితే గన్నేరు విషపూరితము గనుక పశువులకు, పసిపిల్లలకు అందనిచోట నాటవలెను. మల్లెకు చలికాలమున నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించినచో వేసవిలో విరివిగా పూయును.

తోటకు అలంకారములును ఈ నేల నుండియే లభించును. బేతంచెర్ల నాపరాయి, కడప బండ దేశమంతట పేరెన్నికగన్నవి. పారిజాతము క్రింద బండలు పరచినచో వేకువన రాలిన పూలు మట్టి అంటక చేతికి వచ్చును. తులసీబృందావనము చుట్టును మాత్రము బండలు పరువరాదు, ఎండకు కాగి వేరును మాడ్చును. శంఖచక్రములను, ఊర్ధ్వపుండ్రమును నిత్యము నీరు కోరు పచ్చికతో గాక, తెల్లరాళ్లతో తీర్చుట ఉచితము. నిర్మాల్యమును కాలు సోకని గోతిలో వేసి ఎరువు చేసినచో స్వామి సొమ్ము మరల స్వామి తోటకే చేరును.

ఇంత చేసినను వాన రాని ఏడు రావచ్చును. ఆ ఏడు పూలు లేవని చింతింప పనిలేదు. గీతాచార్యుడు తనకు సమర్పింపదగినవి చెప్పునపుడు పువ్వుకంటె ముందు ఆకునే పేర్కొనెను. సత్యభామ రాశులు పోసిన బంగారమునకు తూగని స్వామి, రుక్మిణీదేవి ఉంచిన ఒక్క తులసీదళమునకు తూగెను. చెంబెడు నీటితో బ్రతుకు తులసి ఏ కరవులోనైనను ఇంటి ముంగిట నిలుచును. మిగిలిన బిందెడు నీరు దప్పిగొన్న పొరుగువానికి చేరినచో, అదియే ఆనాటి పుష్పమాల.

నీటిని పొదుపు చేయు చేతులకు, బరువును పంచుకొను భుజములకు శ్రీనివాసుడు ఎల్లప్పుడు తోడై ఉండుగాక!