కనబడనిది లేనిదేనా?

పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని విండోస్ అడిగితే ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి కుంటుతున్నది ఆ ప్రశ్నలోని తర్కమే. ఫైల్ సిస్టమ్‌ను చదవలేకపోయింది తాను. లోపల ఏమీ లేనట్టు మాట్లాడుతోంది.

ఏడో శతాబ్దపు కుమారిల భట్టు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగానే ఒప్పుకున్నాడు. అయితే షరతు పెట్టాడు: ఉంటే తప్పక కనబడవలసినది కనబడనప్పుడే లేదనాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో ఆ మాట చెల్లదు. ఫైళ్ల పట్టిక చెడిన పెన్‌డ్రైవ్ చీకటి గదే.

క్విక్ ఫార్మాట్ చేసేదీ ఇంతే: కొత్త ఖాళీ పట్టిక రాస్తుంది. ఫోటోల బైట్లు, వాటి మీద మరేదైనా రాసేదాకా, చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్లు బతుకుతున్నది దీని మీదే. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ మాత్రం డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తుంది. ‘తర్కసంగ్రహం’ రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు దాన్ని చూస్తే ప్రధ్వంసాభావం అనేవాడు. ఆ లేమికి మొదలే గాని తుది లేదు.

కనబడనంతమాత్రాన లేదనకూడదన్న పట్టింపు విశాఖ జాలరిపేటలో ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడి జాలర్లు కారణాలను ఎలా వెతుకుతారో 1980లలో దగ్గరుండి గమనించిన అమెరికా మానవశాస్త్రజ్ఞుడు చార్లెస్ నకల్స్, 1996లో దాని మీద పుస్తకమే తెచ్చాడు. వేట సాగకపోయినా, బిడ్డకు జబ్బు చేసినా అమ్మవారి కోపం అంటారు. అక్కడితో ఊరుకోరు. కోపం ఎందుకొచ్చింది? మొక్కు బాకీ ఉందా? అన్నదమ్ములు తగవు పడ్డారా? వల ఖాళీగా వస్తే సముద్రమే ఖాళీ అని తేల్చెయ్యరు. అమ్మవారిని నమ్మనివాళ్లు కూడా ఈ వెతుకులాటను కాదనలేరు.

పెన్‌డ్రైవ్ దగ్గరా అడగవలసినవి ఆ ‘ఎందుకు’లే. ఎజెక్ట్ చేయకుండా లాగేశారా? వేరే పోర్టులో, వేరే కంప్యూటర్లో ఏమంటోంది? లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4తో ఫార్మాట్ చేసిన డ్రైవ్ నిక్షేపంగా ఉన్నా విండోస్ అదే ప్రశ్న వేస్తుంది. దానికి ఆ పద్ధతి తెలియదు, అంతే. విండోస్ మరమ్మతు సాధనం చెక్‌డిస్క్‌ను నడిపే ముందు కూడా డ్రైవ్ మొత్తానికి ఒక ఇమేజ్ కాపీ తీసుకోవడం మంచిది, మరమ్మతు పేరిట చెక్‌డిస్క్ కూడా పట్టికలో రాతలు రాస్తుంది గనక. సైజే సున్నా బైట్లని చూపిస్తే మాత్రం కంట్రోలర్ చిప్ పోయి ఉండొచ్చు. అప్పుడు ఫార్మాట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం ఉండదు.