ఆరుబయట పొయ్యి, వంట అనే అప్పు

వంట పుణ్యకార్యమని తరచూ వింటాం. అన్నపూర్ణను కొలిచేవాళ్లం కాబట్టి అలా అనిపించడం సహజమే. ధర్మశాస్త్రం మాత్రం పొయ్యిని అంత తేలిగ్గా పవిత్రమనలేదు. గృహస్థుడి ఇంట్లో ఐదు హింసాస్థానాలున్నాయని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. అవి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. కట్టెలో దాగిన పురుగూ, చీపురు కింద పడిన చీమా మన అన్నం కోసమే పోతున్నాయి. ఈ ఐదు స్థానాలకు పంచసూనలని పేరు. ఈ దోషానికి పరిహారంగానే పంచమహాయజ్ఞాలు చెప్పారు: వేదాధ్యయనం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథికి అన్నం. తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటాడని భగవద్గీత మూడో అధ్యాయం కూడా హెచ్చరిస్తుంది. ఇవన్నీ కలిపి చూస్తే పొయ్యి రాజేసిన ప్రతిసారీ మనం అప్పు పడుతున్నామనే తేలుతుంది. ఆ అప్పును మరిచిపోనివ్వకపోవడమే ఆరుబయటి వంటలోని ఆధ్యాత్మికత అని నా వాదన.

మాఘ శుద్ధ సప్తమి నాటి వంటను చూడండి. రథసప్తమి పొద్దున జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానం చేశాక, ఎండ తగిలేచోట, తులసికోట దగ్గరో వాకిట్లోనో ఆవుపిడకలు పేర్చి నిప్పు రాజేస్తారు. పాలు పొంగిస్తారు. ఆ పాలలో కొత్తబియ్యం, బెల్లం వేసి చెరకుగడతో కలియబెడతారు. ఉడికిన పరమాన్నాన్ని చిక్కుడాకుల్లో సూర్యుడికి పెడతారు. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ పొంగు. మిగతా రోజుల్లో పాలు పొంగితే నష్టం, గబుక్కున మంట తగ్గిస్తాం. ఆ రోజు పొంగడం కోసమే ఎదురుచూస్తాం. గిన్నె అంచు దాటిన మొదటి పాలు మనుషుల నోటికి అందవు, నిప్పులోనే పడతాయి. ఎవరి వేడితో వంట జరుగుతోందో వారి వాటా ముందుగా వారికి చేరుతుంది. నాలుగు గోడల మధ్య ఇది ఇంత స్పష్టంగా కనబడదు. వాకిట్లో పైన సూర్యుడు, కింద నేల, దారిన పోయేవాళ్లు అందరూ సాక్షులే.

గ్యాస్ మంట మాత్రం అగ్ని కాదా అని అడగవచ్చు. అవును, అదీ అగ్నే. పిడకలోనే దైవత్వం ఉందని నేను అనను. అయితే మీట తిప్పితే వచ్చే మంట తన వెనుక ఉన్నదంతా దాచేస్తుంది. పిడక దాచలేదు: ఆవు, గడ్డి, ఎండ, తట్టి ఆరబెట్టిన చేతులు అన్నీ అందులో తెలుస్తూనే ఉంటాయి. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది. నైవేద్యం పెట్టి చివరికి తినేది మనమే కదా, దేవుడికి చేరిందేమిటి? సూర్యుడికి పరమాన్నం అవసరం లేదన్నది నిజమే. కానీ వండేవారు రుచి చూడరు, ఆకలితో ఉన్న పిల్లలు కూడా నివేదన అయ్యేదాకా ఆగుతారు. ఆ కాసేపు అన్నం ఎవరిదీ కాదు. మనదనుకున్నది మనది కాకుండా పోయి, తిరిగి ప్రసాదంగా చేతికొస్తుంది. గింజ కూడా తగ్గదు, దాని మీద మనకున్న హక్కు మాత్రం మారుతుంది. పంచయజ్ఞాల ఉద్దేశం ఇదేనని నేను నమ్ముతాను.

పొగ సంగతి మాత్రం ఇంత సులువుగా తేలేది కాదు. ఇళ్లలోని వంటపొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలో ఎక్కువసేపు గడిపేది స్త్రీలూ పసిపిల్లలూ. కాబట్టి కట్టెలపొయ్యే ధర్మమని చెప్పేవారితో నేను ఏకీభవించను. హింసను గుర్తుచేయడానికి పుట్టిన ఆచారం ఇంటి ఇల్లాలి ఊపిరితిత్తుల మీద కొత్త హింస మోపితే పంచసూనలకు ఆరోది చేర్చినట్టే. రోజువారీ వంట గ్యాస్ మీదే జరగాలి. ఏడాదికో పూట వాకిట్లో రాజేసే పిడకలమంట వేరు. గాలి ఆడేచోట పొగ నిలవదు, పని కాసేపట్లో అయిపోతుంది. ఆ కాసేపు కూడా ఒక్క ఇల్లాలే మంట ముందు కూర్చోవాలనడానికి నాకు కారణం కనిపించదు. అప్పు తినేవాళ్లందరిదీ అయినప్పుడు పిడకలు పేర్చడం, మంట ఎగదోయడం, చెరకుగడ తిప్పడం ఇంట్లో మగవాళ్ల వంతుకూ రావాలి.