టవర్ మీద గాలి, కర్త మీద బాధ్యత

ఇంటి పెరట్లోనో మేడ మీదో పదిహేను మీటర్ల ఉక్కు టవర్ నిలబెట్టి, దాని కొసన యాంటెన్నా బిగించే హ్యామ్ రేడియో ఔత్సాహికుడు ఒక పాత ప్రశ్నకు తన చేతులతో జవాబు చెబుతున్నాడు. జరిగేదానిలో మనిషి పాలెంత, దైవం పాలెంత? మన దగ్గర ఈ ప్రశ్నకు సమాధానాలు దండిగా ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలన్న వివేకమే తక్కువ. టవర్ కూలి ఎవరైనా పోతే రాసిపెట్టి ఉందంటాం. ఆ మాట అబద్ధమని నేననను. అది పలకడానికి ఒక వేళ ఉందని, టవర్ ఎక్కకముందు మాత్రం పలకరాదని నా వాదన.

ముందు గాలి సంగతి. యాంటెన్నాను చేతుల్లోకి ఎత్తి చూసినవాడికి తెలిసేది దాని బరువు మాత్రమే, ఇరవై కిలోలో ముప్పై కిలోలో. టవర్‌ను పడగొట్టేది సాధారణంగా ఆ బరువు కాదు, గాలి తోపు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్ల మూల వేగాన్ని లెక్కకు తీసుకోమంటుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద పెట్టే ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుకు సమానం. వస్తువు ఆకారాన్ని బట్టి హెచ్చుతగ్గులుంటాయి. అంత తోపు పదిహేను మీటర్ల ఎత్తున తగిలితే, చుట్టూ లాగి కట్టే గై తీగల ఊతం లేని టవర్‌ను మొదలు దగ్గర విరవడానికి 2,250 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుబలం పనిచేస్తుంది. టవర్ కమ్మీలకు తగిలే గాలి ఇందులో కలపనే లేదు. ఇంకా ఎత్తు కావాలని పైన మరో రెండు మీటర్ల పైపు వేసి, ఆ పైపు ఎంత తూగుతుందో చూసుకుని తృప్తిపడినవాడు అసలు భారాన్ని చూడనే లేదు. ఆ మూల వేగం సగటున యాభై ఏళ్లకోసారి వచ్చే గాలిది. అది విని ఇప్పట్లో రాదులే అనుకోవడం సులువు. కానీ ఏటా నూటికి రెండు వంతుల అవకాశమున్న గాలి, యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 63 పైమాటే. వచ్చే ఏడే రావచ్చు కూడా. మన చేతిలో లేనిది ఉందని ఇంజనీర్లూ ఒప్పుకుంటారు. దానికి ఎంత చోటు వదలాలో లెక్కగడతారు, అంతే తేడా.

మహాభారతం ఆనుశాసనిక పర్వం మొదట్లో గౌతమి కథ ఉంది. పాము కాటుకు ఆమె కొడుకు చనిపోతాడు. వేటగాడు పామును పట్టుకొస్తాడు. నా తప్పు లేదు, మృత్యువు పంపితే వచ్చానంటుంది పాము. నన్ను కాలం నడిపించిందంటుంది మృత్యువు. కాలం వచ్చి, అంతా ఆ పిల్లవాడి కర్మ అని తేలుస్తుంది. టవర్ కూలినప్పుడూ ఈ వరుస ఇలాగే సాగుతుంది: బోల్టు గాలిని చూపిస్తుంది, గాలి కాలాన్ని చూపిస్తుంది. అయితే ఈ కథ ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారన్నది చూడాలి. యుద్ధం ముగిశాక, బంధువుల చావుకు తానే కారణమని కుమిలిపోతున్న ధర్మరాజుకు అంపశయ్య మీది భీష్ముడు చెప్పాడు. అది దుఃఖానికి మందు. రేపటి పనికి అనుమతిపత్రంగా వాడమని ఆయన ఇవ్వలేదు.

ఆ తేడా మరిస్తే ఏమవుతుందో 1982 డిసెంబర్ 7న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం మిస్సోరి సిటీలో కనబడింది. అది హ్యామ్ టవర్ కాదు, ఎఫ్ఎం ప్రసారాల టవర్. బరువైన యాంటెన్నా భాగాన్ని పైకి లాగడానికి అమర్చిన కొక్కేలకు దానిమీది పరికరాలు అడ్డొచ్చాయి. పనివాళ్లు ఒక ఇనుప ముక్కను బోల్టులతో బిగించి కొక్కేన్ని పక్కకు పొడిగించారు. బరువు పక్కకు జరిగితే బోల్టుల మీద ఒత్తిడి ఎన్నో రెట్లవుతుంది. వాళ్ల లెక్కలో అది రాలేదు. యాంటెన్నా చేసిన ఇంజనీర్లను ఈ ఏర్పాటు చూడమని అడిగితే, చూస్తే బాధ్యత తమ మీదికొస్తుందని తప్పుకున్నారు. బోల్టులు తెగాయి, జారిన భాగం గై తీగను కొట్టింది, టవర్ మొత్తం కూలింది. ఐదుగురు పోయారు. ఇందులో కాలం పాత్ర వెతకడానికి ముందు చూడవలసినవి ఎన్ని ఉన్నాయి! తెలిసినవాళ్లు తెలుసుకోకుండా ఉండటాన్నే రక్షణ అనుకున్నారు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికంటే బాధ కలిగించేది అది.

గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. శంకరులు అధిష్ఠానమంటే శరీరమన్నారు, దైవమంటే ఇంద్రియాలకు అధిదేవతలన్నారు. గాలివానను దైవమనడం శాస్త్రార్థం కాదని పండితులు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. అయినా నా వాదనకు కావలసింది ఆ వరుస. దైవాన్ని తోసేయలేదు, కానీ మిగతా నాలుగింటినీ దాంట్లో కలిపేయలేదు కూడా. పునాది, ఎక్కే మనిషి, నడుముకు కట్టే బెల్టూ బోల్టులూ, పని వరుస: ఈ నాలుగూ చూసుకున్నాకే ఐదోదాని పేరెత్తే అర్హత వస్తుంది. వీటిలో పని వరుసను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పోలండులో 646 మీటర్ల రేడియో మాస్టు 1991 ఆగస్టు 8న కూలింది తుపానుకు కాదు, గై తీగలు మారుస్తున్నప్పుడు. పాత తీగ విప్పే ముందు తాత్కాలిక తీగ కట్టాలన్న నియమం అలాంటి గంటల కోసమే.

ఫలం మీద ఆశ వదలమన్నారు కదా, ఇంత లెక్క ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఫలం మీద ఆశ వదలమన్నారు, పని మీద శ్రద్ధ వదలమనలేదు. యోగమంటే పనిలో నేర్పు అని చెప్పిందీ ఆ గ్రంథమే. నా స్థలం, నా టవర్, నా ప్రాణం అనే వాదం ఇంతకంటే గట్టిది, ఎందుకంటే అందులో స్వేచ్ఛ మీద నిజమైన గౌరవముంది. కానీ పదిహేను మీటర్ల టవర్ ఎటు పడినా పదిహేను మీటర్ల మేర పడుతుంది. పక్కింటి గోడా, వీధిలోని కరెంటు తీగా ఆ మేరలోనే ఉండవచ్చు. పైకెక్కేది తరచూ యజమాని కాదు, కూలికి వచ్చిన మనిషి. ఆ మనిషి తన ప్రాణాన్ని పణంగా పెట్టడానికి ఒప్పుకున్నాడంటే సరిపోదు, ఎంత ప్రమాదమో తెలిసి ఒప్పుకున్నాడా అన్నది చూడాలి. తెలియజేయాల్సినవాడు లెక్క వేయించిన యజమానే.

ఇక ఖర్చు. ఇంత జాగ్రత్త పెడితే సామాన్యుడు ఈ అభిరుచికి దూరమవుతాడని, 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి ఫోన్లు మూగబోయినప్పుడు కబుర్లు చేరవేసింది హ్యామ్‌లేనని గుర్తుచేస్తారు. నిజమే, అందుకే ఆ రోజుకు మిగిలి ఉండే ఏర్పాటు కావాలి. తుపాను సంగతి వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది. దించే వీలున్న టవర్‌ను ముందే దించి, గాలి తగ్గాక లేపవచ్చు. గట్టి టవర్‌కు డబ్బు చాలనివాడు పెద్ద యాంటెన్నా మానుకుని రెండు గట్టి ఆధారాల మధ్య రాగితీగ డైపోల్ యాంటెన్నా కట్టుకుంటే చాలు. పై వాతావరణంలోని అయానోస్ఫియర్ అనుకూలిస్తే అది కూడా ఖండాలు దాటి మాట్లాడిస్తుంది.