ఆటలో ఎవరికి చోటు?

రాముడు-సీత చీటీలాట ఆడనివాళ్ళు మనలో ఎవరైనా వున్నారా, చెప్పండి? నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, పేర్లు రాసి, మడిచి, గుప్పిట్లో కలిపి నేలమీద వేసేవాళ్ళం. రాముడి చీటీ వచ్చినవాళ్ళు సీత ఎవరి దగ్గర వుందో కనిపెట్టాలి. లక్ష్మణుడికి ఇన్ని మార్కులు, హనుమంతుడికి ఇన్ని. సీతకి మాత్రం సున్నా. రాముడు పొరబడితేనే ఇద్దరి చీటీలూ తారుమారై ఆమెకి మార్కులు. నిజానికి ఆ ఆటలో అందరికంటే కష్టపడేది సీతే. మిగతావాళ్ళు చీటీ చూసుకుని ఊరికే కూర్చుంటే చాలు. సీత ముఖంలో ఏమీ కనపడనీయకుండా కూర్చోవాలి. పెద్దయ్యాక ఆ విద్య మనకి ఎంతగా పనికొచ్చిందో వేరే చెప్పాలా!

ఏ ఆటలోనైనా ఎవరెవరు వుండాలో, ఎవరికెన్ని మార్కులో ఎవరో ఒకరు ముందుగానే నిర్ణయించి పెడతారు. దేన్ని చూసి నిర్ణయిస్తారు? ఇది పిల్లల ప్రశ్న కాదని ఈ వేసవిలో నాకు గట్టిగా తోచింది.

సెలవులకి మా వాళ్ళ పిల్లలంతా జమ్మలమడుగులో చేరారు. ప్రొద్దుటూరునుంచి తమ్ముడి కొడుకూ, కూతురూ, పులివెందులనుంచి చెల్లెలి కూతురు, హైదరాబాదునుంచి అక్క కొడుకు. హైదరాబాదువాడు ఒక ఆట పట్టుకొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని 'గోడ ఎక్కుతున్నా' అనో, 'మంత్రం వేస్తున్నా' అనో అంటారు. ఎక్కాడా, పడ్డాడా అన్నది పాచికలు చెపుతాయి.

ఈ తరహా ఆటలకి మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ట. అందులో ప్రతి పాత్రకీ ఒక వృత్తి వుండాలి. మొదట మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, పూజారి. మరుసటి ఏడు దొంగ వచ్చి చేరాడు. 1978 నాటి నియమాల పుస్తకంలోకి హంతకుడూ, సన్యాసీ కూడా వచ్చారు. 1989లో పుస్తకం తిరగరాసినప్పుడు ఆ ఇద్దరినీ బయటికి పంపేశారు. ఆ 1978 పుస్తకంలోనే ఆడపాత్రకి శరీరబలం ఇంతకు మించరాదని ఒక గీత కూడా గీశారు. అది 1989లో పోయింది. రాక్షసులూ, నిప్పులు కక్కే పాములూ వున్న లోకమండీ అది! అక్కడ దేన్నయినా నమ్మారు, బలమైన ఆడదాన్ని తప్ప.

ఇంకో చిత్రం. 1981లో వచ్చిన చిన్న పుస్తకంలో, మనిషిగా పుట్టినవాడు తనకి నచ్చిన వృత్తి ఎంచుకోవచ్చు. మరుగుజ్జు జాతిలో పుట్టినవాడికి మాత్రం పుట్టుకే వృత్తి. ఇంకేదీ కోరుకోవడానికి లేదు. 2000లో వచ్చిన పుస్తకం నాటికి ఏ జాతివాడైనా ఏ వృత్తయినా పట్టవచ్చునని పూర్తిగా సడలించారు. ఆ రాసినవాళ్ళకి మన పల్లెలు తెలియవు కదా, అయినా ఆ ముక్క విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

మా పిల్లలు కథని పక్కనే వున్న గండికోటలో పెట్టుకున్నారు. పెన్న కోసిన లోయ అంచున ఎర్రరాతి కోట. లోపల మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్న కోట. పిల్లల కథలో ముట్టడించింది రాక్షసుల దండు. కోటలో చిక్కుకున్నవాళ్ళు వీళ్ళు. వృత్తులు మాత్రం మనవే వుండాలన్నాడు ప్రొద్దుటూరువాడు. అక్కడ మొదలైంది రగడ.

"కడప కథన్నాక ఫ్యాక్షనిస్టు లేకుండా ఎట్లా?" అన్నాడు హైదరాబాదువాడు.

పులివెందుల పిల్ల లేచి నిలబడింది. "సినిమాలు చూసి మా ఊరికి పేర్లు పెట్టొద్దు. మా ఊర్లో అరటితోటలుండాయి, చీనీతోటలుండాయి, నీళ్ళు చూసేటోళ్ళుండారు. అవి నువ్వేమన్నా చూసినావా?"

'అత్తా' అని ఒకడు, 'పెద్దమ్మా' అని ఒకతె, 'చిన్నమ్మా' అని ఇంకొకడు నా మీద పడ్డారు, తీర్పు చెప్పమని. నవలలు రాస్తాను కనక నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం.

నవలలు రాసేవాళ్ళకి తెలిసిన కిటుకు ఒకటే. కథలోకి వచ్చిన మనిషి ఏదో ఒకటి తేల్చుకోవలసి వుంటేనే అది పాత్ర. కాఫీ తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయే తల్లి పాత్ర కాదు, కాఫీకప్పుకి మొలిచిన కాళ్ళు. జాలిపడి ఆవిడకి నాలుగు డైలాగులు రాసినా లాభంలేదు. ఆవిడ ఏం నిర్ణయిస్తుంది, అది తప్పయితే ఎవరికి నష్టం? ఆటకైనా నేను అదే అడుగుతాను.

కక్షలు లేవని నేననను. కక్షల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు మా సీమలో వున్నాయి. కాని 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన తర్వాత వరసపెట్టి వచ్చిన సినిమాల్లో, వేటకొడవలితో జీపులోంచి దూకేవాడున్నాడే, వాడు ఏం నిర్ణయిస్తాడు? వాడి చావూ బతుకూ ఇంకెవడో నిర్ణయిస్తాడు. అలాంటివాణ్ణి తీసుకొచ్చి ఒక ప్రాంతం ముఖానికి బొట్టులా అంటిస్తే ఎవరికి రోషం రాదు? ఇంతా చెప్పాక ఆ పిల్లే అంది: "వాడుంటే ఉండనీలే పెద్దమ్మా. రాజీ చేసేటోళ్ళు గూడా ఉండాల. దాన్ని నేనాడతా." దానికి ఆయుధమేమిటని అడిగాడు హైదరాబాదువాడు. "నోరు," అంది.

నీళ్ళు చూసేవాడికీ చోటిచ్చాం. బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాళ్ళని మా వైపు చూడనివాళ్ళుండరు. దాన్ని శాస్త్రం ఒప్పుకోదు. కాని అప్పుచేసిన రైతు పక్కన నిలబడి వుండగా 'ఇదిగో, ఇక్కడ' అని వేలు చూపించాల్సిన క్షణం చిన్నదా?

వైద్యం దగ్గర మళ్ళీ పేచీ. ఎవరికీ అక్కర్లేదు. దెబ్బలాట అంతా అయ్యాక కట్లు కట్టే పని అని, తమ్ముడి కూతురికి అంటగట్టబోయారు, ఆడపిల్ల కదా అని! క్యాంబెల్ ఆస్పత్రి వున్న ఊళ్ళో కూర్చుని వైద్యాన్ని చిన్నచూపు చూస్తారా అని కోప్పడి, నేనే ఒక నియమం పెట్టాను. రోజుకి మూడు మోతాదులే మందు. మొదటి ముట్టడిలోనే నలుగురు గాయపడ్డారు. పదేళ్ళ పిల్ల చాలాసేపు కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి ఆఖరి మోతాదు సొంత అన్న ఆడే వీరుడికి కాకుండా కోటతలుపు కాసేవాడికి ఇచ్చింది. అన్న రెండు పూటలు మాట్లాడలేదు. మర్నాటినుంచి వైద్యురాలి పాత్రకి మూడుచీట్లు వెయ్యాల్సి వచ్చింది.

నా లెక్కకి లొంగనివాళ్ళూ వున్నారనుకోండి. తోలుబొమ్మలాటలో కేతిగాడూ, బంగారక్కా రామాయణంలో ఏం తేలుస్తారు? ఏమీ తేల్చరు. వాల్మీకి పిలవలేదు, అయినా వచ్చి కూర్చున్నారు. వాళ్ళు తెరమీదకి రాగానే నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చుంటారు. ఎందుకో నేను చెప్పలేను. చెప్పగలిగితే నా నవలలు ఇంకా బాగా అమ్ముడుపోయేవి.

వీరుడు మంచంలో పడ్డాక ప్రొద్దుటూరువాడు పాత్ర మార్చి, బంగారం పరీక్షించేవాణ్ణి పెట్టుకున్నాడు. ఊరు అలాంటిది మరి, వీధి వీధంతా బంగారం అంగళ్ళు. గీటురాయితో రాక్షసుల్ని ఏం చేస్తావని అందరూ ఎగతాళి చేశారు. మూడోరోజు శత్రువు ఒక పెట్టె పంపాడు. తలుపు తెరిస్తే పెట్టెడు బంగారం మీదేనని కబురు. కోటలో గింజలు అయిపోవచ్చాయి, సగంమంది తెరుద్దామంటున్నారు. పరీక్షించు అన్నారు. వాడు గీటి చూశాడు, పాచికలు వేశాడు. అసలు బంగారమేనని కథ నడిపేవాడు వాడి చెవిలో చెప్పాడు. పక్కనే వున్నాను కనక నాకూ వినపడింది.

వాడు అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. "ఇత్తడి," అన్నాడు.